యోహాన్ బావ టార్చిలైటు

మా యోహాన్ బావ ఏ వస్తువునైనా టార్చిలైటు వేసి అవతలి వైపు నుంచి చూస్తే గానీ నమ్మడు. ఇడ్లీ అయినా, ఇంగువ ముక్క అయినా, పెళ్లికొచ్చిన చుట్టమైనా ఆయనకు ఒకటే. ముందు చొక్కా జేబులోంచి వేలెడంత టార్చి తీస్తాడు. దాన్ని దగ్గరగా పెట్టి నొక్కుతాడు. తల పక్కకి వంచి, వెలుగు ఎంతవరకు దిగిందో చూస్తాడు. "ఊఁ" అంటాడు. ఎర్ర అట్ట నోటుబుక్కులో ఏదో రాసుకుంటాడు. తినేదైతే ఆ తర్వాతే తింటాడు, పలకరించేదైతే ఆ తర్వాతే పలకరిస్తాడు.

మా అక్క జయమణిని చూసుకోవడానికి వచ్చిన రోజు కూడా ఇదే వరస. మా అమ్మ జున్ను పెట్టింది. పెళ్లికొడుకు అక్క వైపు చూడకుండా జున్ను ముక్కని కిటికీ వైపు ఎత్తిపట్టి కింద నుంచి టార్చి వేశాడు. మా నాన్న కంగారుపడి, "ఏటి బాబూ, అందులో ఏటైనా పడిందా?" అని అడిగాడు.

"లేదండి. పావంగుళం దాకా బాగానే దిగుతంది. ఆ తర్వాతే మసక," అన్నాడు బావ.

నాన్న నన్ను పెరట్లోకి పిలిచి, "ఒరే దాసూ, ఈ గుంటడికి ఏటైనా తేడా ఉన్నాదేటి?" అని గుసగుసలాడాడు. అక్క మాత్రం అప్పటికే తేల్చేసుకుంది. "జున్నునే అంత శ్రద్ధగా సూసినోడు పెళ్లాన్ని ఇంకెంత బాగా సూసుకుంటాడో. నాను సేసుకుంటాను," అంది. ఇరవై రెండేళ్లయింది. "జున్ను తర్వాత పాలు, పాల తర్వాత మైనం, మైనం తర్వాత రొయ్యలు. నా వంతు ఇంకా రాలేదురా తమ్ముడూ," అంటూ ఉంటుంది ఇప్పటికీ.

ఇదంతా వట్టి పిచ్చి అనుకుంటే పొరపాటు. ఇందులో సగం ఉద్యోగం. మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర ఒక బట్టల కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు ఉంది. సినిమాలకీ ప్రకటనలకీ కంప్యూటర్లో బొమ్మలు తయారు చేసి ఇస్తాం. నా కార్డు మీద ప్రొడక్షన్ మేనేజరు అని ఉంటుంది, చేసే పని మాత్రం క్లయింట్ల చేత తిట్లు తినడం. బావ పని వెలుగు. కంప్యూటర్లో బొమ్మ గీసినంత మాత్రాన సరిపోదట, దాని మీద పడిన వెలుగు ఏమైపోయిందో కూడా లెక్క కట్టాలట.

నాకు ఒకసారి ఓపిగ్గా చెప్పాడు. "ఇటుక మీద ఎలుగు పడితే పైనుంచే తిరిగొచ్చేస్తాది. గాజులోంచైతే తిన్నగా ఎల్లిపోతాది. ఆ రెండిటికీ మజ్జన ఉన్నాయే, పాలు, మైనం, ముంజ, నీ సెవి తమ్మి, ఇవి అలగ కాదు. ఎలుగుని లోపలికి రానిచ్చి, అటూ ఇటూ తిప్పి, కొంత మింగీసి, మిగిలింది ఇంకో సోట నుంచి బయటికి వదుల్తాయి. నీలం ముందు మింగీస్తాయి, ఎరుపు ఆఖరిదాకా మిగుల్తాది. ఎంత మింగుతాదో తెలిస్తే బొమ్మకి పేణం వస్తాది. తెలీకపోతే ప్లాస్టిక్."

"మనిషి చెవికి కూడానా?"

బావ నా చెవి వెనక టార్చి పెట్టి వెలిగించాడు. పక్క సీటు వాళ్లు వచ్చి, దానిమ్మ గింజలా ఉందని మెచ్చుకుని వెళ్లారు.

చర్చిలో కూడా ఇంతే. పాస్టరు గారు వెనక ఎండ పడే కిటికీ ముందు నిలబడి సహనం గురించి ప్రసంగిస్తుంటే, బావ ముందు బెంచీలో కూర్చుని ఆయన చెవులనే చూస్తాడు. "సూడు దాసూ, ఎరుపొక్కటే మిగిలింది," అని నా డొక్కలో పొడుస్తాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలమ్మే ఈశ్వరి అయితే ఆయన్ని చూడగానే తట్ట మీద గోనె కప్పేస్తుంది. "కొంటావా, ఎక్స్‌రే తీత్తావా? మొన్న నా మొకమ్మీద కూడా ఏసినావు. రొయ్యకీ నాకూ తేడా తెల్దేటి నీకు?" అని ఆవిడ అరిస్తే సగం హార్బరు ఇటు తిరుగుతుంది. బావ నవ్వుతూ నిలబడి ఆ తిట్లన్నీ తిని, మళ్లీ వారం అక్కడికే వెళ్తాడు.

ఆయన్ని ఒక్క మాట అననిది మా ఆఫీసు కింద ముంజలమ్మే పోతమ్మ ఒక్కతే. బావ ఒక్కో ముంజకీ టార్చి వేసి "ఊఁ" అంటుంటే, ఆవిడ బేరాలన్నీ ఆపి ఓపిగ్గా కూర్చుంటుంది. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఆవిడకీ కొంచెం తేడా ఉందనుకున్నాను.

అన్నిటికంటే పరువు తక్కువ పని మూడేళ్ల కింద క్రిస్మస్ భోజనాల దగ్గర చేశాడు. మా అమ్మ వంగి పులావు వడ్డిస్తోంది. పట్టుచీర, కొత్త కళ్లజోడు, ఇంటినిండా చుట్టాలు. అల్లుడుగారు ఉన్నట్టుండి లేచి, అత్తగారి కళ్లజోడు పైకెత్తి, ముఖం మీద టార్చి వేశాడు. "ఊఁ" అన్నాడు. మా అమ్మ గరిటె కింద పెట్టి, వంశం పేరు కూడా వదలకుండా దులిపేసింది. ఈస్టరు దాకా ఆయనతో మాట్లాడలేదు. బావ మాత్రం ఆ పులావు మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ వేసవి మొదట్లో మా ఆఫీసుకి ఒక హల్వా వచ్చింది. సింహాచలం కొండ దిగువన శ్రీరామ్మూర్తి గారిది పాత హల్వా కొట్టు. గోధుమపాలు తీసి, బెల్లం పాకం పట్టి, నెయ్యి పోసి పొయ్యి మీద గంటల తరబడి కలిపే రకం. చందనోత్సవానికి కొండకి జనం పోటెత్తుతారు కదా, ఈలోగా దారి పొడవునా తెరల మీద తన హల్వా మెరవాలని ఆయన కోరిక. కత్తి దిగుతుంటే ముక్క వణకాలి, వెనక దీపం వెలిగితే లోపల నుంచి కాంతి రావాలి. నిజం హల్వాని కెమెరా ముందు పెడితే లైట్ల వేడికి నెయ్యి కారిపోతుంది కాబట్టి మాకు అప్పగించారు.

ఆ పని యశస్విని చేతికి వచ్చింది. చోడవరం దగ్గర చెరకు పండించే రైతు కూతురు. ఆరు నెలల పరీక్ష మీద ఉద్యోగంలో చేరింది, ఆ ఆరు నెలలు ఆ నెలాఖరుకి అయిపోతాయి. మా ఓనరు దేవీప్రసాద్ ఆ అమ్మాయి ఎదురుగానే నాతో అన్నాడు. "హల్వా ఓకే అయితే పర్మినెంటు. కాకపోతే వచ్చే నెల నుంచి రావద్దని చెప్పేద్దాం." ఆ పిల్ల ఇంట్లో పర్మినెంటు అయిపోయిందని చెప్పేసి ఉంది. వాళ్ల నాన్న ఊరంతా చెరకు రసం పోశాడు కూడా.

పని నేర్పింది బావే. ఇద్దరూ కలిసి కొట్టు నుంచి తెచ్చిన హల్వాని బ్లేడుతో పల్చగా, దానికి రెట్టింపు మందంగా, మళ్లీ దానికి రెట్టింపుగా కోశారు. "ఈ మందానికి సగం ఎలుగు మిగిలిందనుకో. రెట్టింపు మందానికి పావు మిగుల్తాది. ఇంకో రెట్టింపుకి పావులో పావు. హల్వా ఎప్పుడూ అబద్ధమాడదమ్మా," అని చెప్పి, కోసిన ముక్కలన్నీ తనే తిని, బావ వేరే పనిలో పడిపోయాడు. అది ఒక సినిమా కోసం పాలరాతి మహలు.

యశస్విని చేసిన మొదటి బొమ్మ చూసి దేవీప్రసాద్ గుటక వేశాడు. తేనె రంగు, అంచుల్లో బంగారం, మధ్యలో ముదురు ఎరుపు. చెంచా కోసం చెయ్యి దానంతటదే తెర వైపు వెళ్లేలా ఉంది.

శ్రీరామ్మూర్తి గారు చూడటానికి వచ్చారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, తెల్ల పంచె, భుజం మీద కండువా, మైకు అక్కర్లేని గొంతు. కుర్చీ తెరకి దగ్గరగా లాక్కుని కాసేపు చూశారు.

"ఇది మా హల్వా కాదు. మడ్డి."

ఆయన కుర్చీ మా వైపు తిప్పారు.

"ఎవులు సేసినారు? ఆ బూడిద రంగు బట్టల పాపా? ఏటమ్మా, హల్వా ఎప్పుడైనా తిన్నావేటి?"

యశస్విని ఆ రోజు కోసమే కొనుక్కున్న లేత నీలం చుడీదార్ వైపు ఒకసారి చూసుకుంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "మార్చి చూపిస్తానండి," అంది.

మార్చింది. వెలుగు పెంచింది. "మడ్డి," అన్నారాయన. ఇంకా పెంచింది. "కొంచెం నయం. గానీ మడ్డే." తొమ్మిదోసారి హల్వా కట్టెల పొయ్యి మంటలా ఉంది. పద్నాలుగోసారి దాన్ని చూడటానికి దేవీప్రసాద్ చలువ కళ్లద్దాలు పెట్టుకోవాల్సి వచ్చింది. పదహారోసారి తెర మీద ఉన్నది హల్వానో ఉదయించే సూర్యుడో మాకే తెలియలేదు. ఆయన మాత్రం, "ఇప్పుడు దగ్గరకొచ్చింది. ఇంకొంచెం ఎలుగు ఉండాల," అని వెళ్లిపోయారు. ఆ పిల్ల తన సీటు దగ్గర సామాన్లు ఒక సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు వెళ్లి బావని పాలరాతి మహల్లోంచి లాక్కొచ్చాను. పదహారు బొమ్మలూ వరసగా చూశాడు. మొదటి దాని దగ్గర ఆగి, "ఇది బాగున్నాది కదా," అన్నాడు.

"మాకందరికీ బాగుంది. ఆయనకి మడ్డిట."

"పద, కొట్టుకెల్దాం."

కొట్టు దగ్గర శ్రీరామ్మూర్తి గారు కోడలు సూర్యకళ మీద కేకలేస్తున్నారు. పదేళ్లుగా ఆ పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నది ఆవిడే. "మా అమ్మ సేతి హల్వా తేనెలాగుండేది. ఇది సూడు, మడ్డి. రెండేళ్లనుంచి సెప్తన్నాను, నీకు పాకం కుదరట్లేదు. ఉత్సవం ముందు వంటోడిని పెట్టీస్తాను, నువ్వు పొయ్యి దగ్గరికి రాకు."

"అదే బెల్లం, అదే నెయ్యి మావయ్యా. నాను ఏటీ మార్చలేదు," అంది ఆవిడ, మెల్లగా.

బావ పళ్లెంలోంచి ఒక ముక్క తీసి టార్చి వేశాడు. తేనె రంగు, అంచుల్లో బంగారం. "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత నేను ఆపేలోపే అదే టార్చి శ్రీరామ్మూర్తి గారి ముఖం మీద వేశాడు. ఎడమ వైపు, కుడి వైపు. రెండోసారి "ఊఁ" అన్నాడు.

"ఏటయ్యా ఇది, నాను దొంగనేటి?" అని పెద్దాయన కుర్చీలోంచి లేచారు.

నేను క్షమాపణలు చెప్పుకుంటూ బావని రెక్క పట్టుకుని కారులో కూర్చోబెట్టాను. "బావా, ఉన్న కాస్త పరువూ తీశావు. ఆ పిల్ల ఉద్యోగం నీ చేతులారా పోగొట్టావు," అని హనుమంతవాక దాకా తిడుతూనే ఉన్నాను. ఆయన నోటుబుక్కులో రాసుకుంటున్నాడు.

"దాసూ, ఆ కోడలికి కంప్యూటర్ వచ్చా?"

"రాదు."

"మన యశస్వినికి పాకం పట్టడం వచ్చా?"

"రాదనుకుంటాను. ఎందుకు?"

"మరి ఇద్దరి హల్వాకీ ఒకటే జబ్బు ఎలగొచ్చింది?" అన్నాడు. నేను ఆలోచించేలోపే, "కాంట్రాక్టు కాగితం నీ దగ్గరే ఉన్నాదా? దాని కింద ఇంకో లైను టైపు సెయ్యాల," అన్నాడు.

ఆ లైను ఇది. తుది ఆమోదం ఇచ్చే వ్యక్తి కళ్లకు సంస్థ ఖర్చుతో ఒకసారి కాలిబ్రేషన్ చేయించవలెను. మర్నాడు ఆ కాగితం పట్టుకుని బావ తనే శ్రీరామ్మూర్తి గారి దగ్గరికి వెళ్లాడు. నేను వెనకాల నిలబడ్డాను, పారిపోవడానికి వీలుగా చెప్పులు విప్పలేదు.

"మా ఆఫీసులో తెరలన్నిటికీ నెలకోసారి రంగులు సరిచేస్తామండి. లేపోతే ఒక తెరలో ఒకలాగ, ఇంకో తెరలో ఇంకోలాగ కనబడతాది. అలగే ఓకే సెప్పేవారి కంటికి కూడా సేయించాలని రూలు. పెద్దపెద్ద క్లయింట్లకే లెండి."

"పెద్ద క్లయింట్లకేనా?" అన్నారు పెద్దాయన, కండువా సర్దుకుంటూ.

"మరేనండి."

"నావి గెద్ద కళ్లు. సేయించండి, నాకేటి భయం."

దారిలో నేను బావ చెవిలో, "రూలని అబద్ధం చెప్పావు. నువ్వు చర్చి సంఘ పెద్దవి," అన్నాను. "అబద్ధమేటి? నిన్న నువ్వే టైపు సేసినావు కదా," అన్నాడు.

సీతమ్మధారలో కంటి డాక్టరు గారు పెద్దాయన్ని కూర్చోబెట్టి పది నిమిషాలు చూశారు. రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయి, ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చారో అన్నారు. శ్రీరామ్మూర్తి గారు లేచి నిలబడ్డారు. "నా కళ్లలో ఏటీ లేదు. లోకంలోనే నాణ్యం పడిపోయింది. ఆపరేసన్లు, గీపరేసన్లు నాకొద్దు."

అప్పుడు బావ సంచిలోంచి రెండు ముంజలు తీశాడు. ఒకటి లేతది, ఒకటి బాగా ముదిరిపోయింది. రెండూ పోతమ్మ దగ్గర ఏరి తెచ్చినవి. డాక్టరు గారి బల్ల మీద పెట్టి లేతదాని వెనక టార్చి వేశాడు. అంత దగ్గరగా చూపిస్తుంటే పెద్దాయన కూడా వంగి చూడక తప్పలేదు. ముంజంతా వెలిగింది.

"ఇది మీ పెళ్లినాటి కన్నండి. మీ అమ్మగారి హల్వా దీనిలోంచి సూసినారు."

ముదురుదాని వెనక వేశాడు. వెలుగు అవతలికి రాలేదు.

"ఇది ఇప్పటిది. కంట్లో కూడా ఇలాటి బిళ్ల ఒకటుంటాదండి. ముదిరితే ముందు నీలం మింగీస్తాది, తర్వాత ఎలుగే మింగీస్తాది. మనిషి తప్పు కాదు, ముంజ తప్పూ కాదు. అన్నేళ్లు ఎండలో ఉంటే ముదరదేటి?"

పెద్దాయన ఆ ముదురు ముంజని చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. "అయితే ఈ ముదురుది తీసీసి లేతది పెడతారేటి?" అని అడిగారు, గొంతు బాగా తగ్గించి.

"అదేనండి కాలిబ్రేసన్."

"నొప్పెడతాదా?"

"నాను పక్కనే ఉంటాను."

ఆ వారమే కుడి కంటికి ఆపరేషన్ అయింది. బావ మాట ప్రకారం గది బయట బెంచీ మీద పొద్దున్నించి కూర్చున్నాడు. మధ్యాహ్నం అక్క క్యారేజీ పట్టుకొచ్చింది. అందులో పులిహోరకి కూడా టార్చి వేశాడని అక్క నాకు ఫోన్ చేసి చెప్పింది.

ఉత్సవానికి ఎనిమిది రోజులుందనగా శ్రీరామ్మూర్తి గారు మా ఆఫీసుకి వచ్చారు. నల్ల కళ్లజోడు, పక్కన సూర్యకళ, ఆవిడ చేతిలో ఆ పూట దించిన హల్వా డబ్బా. యశస్విని లేచి నిలబడింది. ఆ రోజు కూడా అదే చుడీదార్ వేసుకుంది, ఇదే ఆఖరి రోజు అవుతుందేమోనని.

"ఏటమ్మా, ఇయాల కొత్త బట్టలా? నీలం నీకు బాగున్నాది," అన్నారు పెద్దాయన.

బావ ముందే ఆ పిల్ల చెవిలో ఒక మాట చెప్పి ఉంచాడు. తెర మీద బొమ్మ వచ్చింది. శ్రీరామ్మూర్తి గారు నల్ల కళ్లజోడు తీశారు. ఎడమ కన్ను చేత్తో మూసుకుని చూశారు. ఆ తర్వాత కుడి కన్ను మూసుకుని చూశారు. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. తర్వాత డబ్బా మూత తీయించి, నిజం హల్వాని కూడా అలాగే ఒక్కో కన్నుతో చూశారు. ఆయనకి అంతా అర్థమైపోయిందని ఆ ముఖం చూస్తే నాకే తెలిసింది.

"సూర్యకళా," అన్నారు చివరికి. "ఇయాల పాకం కుదిరిందమ్మా."

"అవును మావయ్యా. ఇయాలే కుదిరింది," అంది ఆవిడ, తల వంచుకుని, పమిట చెంగుతో నవ్వు దాచుకుంటూ.

"వంటోడు వద్దులే."

"అలగే మావయ్యా."

ఆయన మా వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. ఈసారి గోడలు అదిరాయి. "బొమ్మ కూడా ఓకే. అదీ మా హల్వా అంటే. పదిహేడు మాట్లు సేయించబట్టి కుదిరింది. పట్టుదల ఉండాల పాపా."

"కాదండి, ఇది మొదటి..." అని యశస్విని నోరు తెరిచింది. బావ ఆ తెరిచిన నోట్లో పెద్ద హల్వా ముక్క పెట్టేశాడు. టార్చి వెయ్యకుండా ఆయన ఒక పదార్థం ఇంకొకరికి పెట్టడం నేను చూడటం అదే మొదలు. పెద్దాయన చూసి మెచ్చుకున్నది మొదటి రోజు మడ్డి అన్న బొమ్మే. ఆ సంగతి గుర్తుపట్టనిది మా ఆఫీసులో ఒక్క దేవీప్రసాదే. ఆయన ఆ సాయంత్రమే ఆ పిల్లకి పర్మినెంటు కాగితం ఇచ్చాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ పిల్ల సంచిలో సర్దిన సామాన్లు నేనే తీసి మళ్లీ బల్ల మీద పెట్టాను.

ఇక్కడితో అయిపోతే, మా బావ తెలివైనవాడు అని చెప్పి ఊరుకునేవాణ్ని. కానీ మర్నాడు దేవీప్రసాద్ ఆ ఎర్ర అట్ట నోటుబుక్కులో ఉన్న కొలతలన్నీ కంప్యూటర్లో ఎక్కించమని నాకు పురమాయించాడు. ముందు పేజీల్లో జున్ను, మైనం, రొయ్య, పాస్టరు గారి చెవి, అన్నిటికీ అంకెలు ఉన్నాయి. పుస్తకం చేయి జారి బోర్లా పడింది. తీస్తుంటే వెనక పేజీలు తెరుచుకున్నాయి. అక్కడ అంకెలు లేవు, మనుషులు ఉన్నారు.

"పోతమ్మ, ముంజలు. ఎడమ కన్ను. సీతమ్మధార తీసుకెళ్లాను. అయింది."

"ఈశ్వరి, రొయ్యలు. కుడి కన్ను. తిట్టింది. మళ్లీ వెళ్లాలి." దాని కింద, "ఈశ్వరి. మళ్లీ తిట్టింది. వచ్చే వారం." ఇంకా కింద, "ఈశ్వరి. అయింది. ఇంకా తిడుతోంది."

"అత్తయ్య. రెండు కళ్లూ. క్రిస్మస్ భోజనంలో చూశాను. చర్చి కంటి క్యాంపులో పేరు రాయించాను. నేనని చెప్పొద్దన్నాను. అయింది."

మా అమ్మకి ఆపరేషన్ చేయించింది పాస్టరు గారనుకుని, మేము మూడేళ్లుగా ప్రతి పండక్కీ ఆయనకి కేకు పంపిస్తున్నాం. అల్లుడికి మాత్రం ఆ పులావు రోజు గుర్తు చేసి దెప్పుతూనే ఉన్నాం.

లెక్కపెడితే నలభై ఒక్క పేర్లు ఉన్నాయి. డిపో దగ్గర బూట్లు కుట్టే ఆయన, బట్టల కొట్టు వాచ్‌మన్, కొండ మెట్ల దగ్గర పూలమ్మే అవ్వ. చాలా పేర్ల పక్కన "అయింది" అని ఉంది, కొన్నిటి పక్కన "ఒప్పుకోలేదు, మళ్లీ" అని ఉంది. అన్నిటికంటే పైన, సిరా వెలిసిపోయిన మొదటి వరసలో, "అమ్మ. ఆలస్యంగా చూశాను," అని ఉంది. దాని పక్కన ఏమీ లేదు. బావ తల్లి చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేదని అక్క ఎప్పుడో చెప్పింది.

సాయంత్రం పుస్తకం తిరిగి ఇస్తూ అడిగాను. "బావా, కళ్లు చూస్తున్నానని ఒక్క మాట చెబితే ఇన్ని తిట్లు తప్పేవి కదా?"

"సెప్తే ముసిలోళ్లు దగ్గరికి రానివ్వరురా. నా కళ్లు బాగున్నాయి పొమ్మంటారు. పిచ్చోడైతే నవ్వుకునో తిట్టుకునో ఒక నిమిషం నిలబడతారు. నాకు ఆ నిమిషం సాల్తాది," అన్నాడు. అని, నా చేతిలో టీ గ్లాసుకి టార్చి వేసి, "ఊఁ" అన్నాడు.

ఒక్కటి ఆయనకి చెప్పలేదు. ఆ వెనక పేజీల్లో నా పేరు కూడా ఉంది. "జ్ఞానదాసు. కళ్లు రెండూ బాగున్నాయి. చూడటమే రాదు."

రోషం వచ్చింది. మర్నాడు మద్దిలపాలెం జంక్షన్లో వేలెడంత టార్చి ఒకటి కొన్నాను. ముందు తెలిసిన ముఖంతో మొదలుపెడదామని పోతమ్మ ఎదురుగా నిలబడి, తల పక్కకి వంచి, ఆవిడ కంట్లోకి వేశాను. బావలాగే "ఊఁ" కూడా అన్నాను.

పోతమ్మ చేత్తో టార్చి పక్కకి నెట్టింది. "నాకు పోయినేడే సేయించీసినాడు మీ బావ. నువ్వు అడ్డం తప్పుకో బాబూ, బేరం పోతంది," అంది. నేను తప్పుకోగానే వెనక ఉన్న ముసలాయన కర్ర ఊతంతో ముందుకొచ్చి, లేత ముంజలు పక్కనే ఉండగా తడిమి తడిమి ముదురువి ఏరుకోవడం మొదలుపెట్టాడు. పోతమ్మ నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

నేను మళ్లీ టార్చి తీశాను. ఆయన తిట్టిన తిట్లు బస్సు డిపో దాకా వినబడ్డాయట. పోతమ్మని అడిగి పేరు మాత్రం రాసుకున్నాను, వచ్చే వారం మళ్లీ వెళ్లాలి.